నీళ్ళు కారే కన్ను కూడా పొడిబారిన కన్నే

కళ్ళ వెంట ఊరికే నీళ్ళు కారుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్తే, పరీక్షంతా చేసి "మీ కళ్ళు పొడిబారాయండీ" అంటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు. నాకూ కాలేదు. చేతిలో రుమాలు తడిసిపోయి ఉంది, ఆయనేమో పొడి అంటున్నారు. నా బాధ ఆయనకి సరిగ్గా అర్థం కాలేదనుకున్నాను. చీటీలో రాసిన చుక్కలు ఓ వారం వేసి మానేశాను. ఆ అపనమ్మకం ఖరీదు దాదాపు ఏడాది. పొద్దున లేస్తూనే కంట్లో ఇసుక పోసినట్టుండేది. మధ్యాహ్నానికి మెరమెరలు, సాయంత్రానికి మంట. చదువుతూ ఉంటే అక్షరాలు అలుక్కుపోయేవి, రెప్ప కొట్టగానే తేటపడేవి.

ఏడాది తర్వాత ఇంకో డాక్టరు తెర మీద నా కంటినే నాకు చూపించి విడమరిచి చెప్పాక చిక్కుముడి విడింది. ఆ ముడి "పొడి" అన్న మాటలోనే ఉంది. పొడి అంటే నీళ్ళు లేవనుకుంటాం. లేనివి పోస్తే చాలనుకుని మందుల షాపులో ఏదో ఒక చుక్కల సీసా కొంటాం. వేసిన పది నిమిషాలు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత మళ్ళీ మొదటికే వస్తుంది. ఈ జబ్బుతో బాధపడేవాళ్ళలో ఎక్కువమందికి కొరత పడింది నూనె. ఆ సంగతి తెలియకుండా చేసే వైద్యం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

కంటి మీద పరుచుకున్న పొర

రెప్ప కొట్టిన ప్రతిసారీ కంటి మీద ఒక పల్చటి తడి పొర కొత్తగా పరుచుకుంటుంది. దాని మందం మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో సుమారు మూడు భాగాలు. మామూలుగా ఒక కంట్లో ఒక సమయంలో ఉండే కన్నీరు మొత్తం కలిపినా ఏడు మైక్రోలీటర్ల దగ్గరే ఉంటుంది. మందు సీసాలోంచి పడే ఒక్క చుక్క దానికి నాలుగైదు రెట్లు పైనే. అందుకే ఒకేసారి రెండు మూడు చుక్కలు వేసుకున్నా ఒరిగేదేమీ ఉండదు, ఎక్కువైనదంతా చెంప మీదికి జారిపోతుంది.

ఇంత పల్చటి పొరలో మూడు పదార్థాలు కలిసి పని చేస్తాయి. అడుగున జిగురు ఉంటుంది. తెల్లగుడ్డును కప్పి ఉన్న పొరలోని కణాలు దీన్ని తయారుచేస్తాయి. ఈ జిగురే లేకపోతే కంటి మీద నీరు నిలవదు, తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. నడుమ నీరు ఉంటుంది. దాన్ని ఉత్త నీరు అనడం అన్యాయం. లవణాలు, సూక్ష్మజీవుల్ని చంపే ప్రొటీన్లు, గాయాన్ని మాన్పే పదార్థాలు అందులో కరిగి ఉంటాయి. ఇది ముఖ్యంగా కంటిగుంట పైభాగంలో, బయటి మూలన ఉండే కన్నీటి గ్రంథి నుంచి వస్తుంది. అన్నిటికంటే పైన నూనె తేలుతుంది. పాత పుస్తకాల్లో ఈ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరల్లా గీసేవారు. జిగురూ నీరూ కలిసి పల్చటి జెల్లులా ఉంటాయనీ, దాని మీద నూనె పరుచుకుంటుందనీ ఇప్పుడు చెబుతున్నారు.

ఈ నూనె వచ్చే చోటు మన రెప్పల అంచులే. మంచి వెలుతురులో అద్దం దగ్గరగా పెట్టుకుని కింది రెప్పను కాస్త కిందికి లాగి చూడండి. వెంట్రుకల వరసకు లోపలివైపు, రెప్ప అంచు మీద, సూదిమొనతో గుచ్చినట్టు చుక్కలు ఒకే వరసలో కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో నూనె గ్రంథి నోరు. పై రెప్పలో పాతిక నుంచి నలభై దాకా, కింది రెప్పలో ఇరవై నుంచి ముప్పై దాకా ఉంటాయి. హైన్‌రిక్ మైబోమ్ అనే జర్మన్ వైద్యుడు 1666లో వీటిని వివరంగా వర్ణించాడు కాబట్టి మైబోమియన్ గ్రంథులని ఆయన పేరే స్థిరపడింది. రెప్ప పూర్తిగా మూతపడి, పైదీ కిందదీ ఒకదానికొకటి తగిలినప్పుడు ఈ గ్రంథుల మీద ఒత్తిడి పడుతుంది. అప్పుడు రవ్వంత నూనె పైకి వస్తుంది. రెప్ప తెరుచుకుంటూ ఉంటే అది కంటి మీద పరుచుకుంటుంది. కింద ఉన్న నీరు గాలికి ఆవిరైపోకుండా కాపాడే మూత అదే.

రెప్పల అంచుల్ని వేలితో సున్నితంగా నొక్కి డాక్టర్లు ఈ నూనెను పరీక్షిస్తారు. ఆరోగ్యంగా ఉంటే వచ్చేది తేటగా ఉంటుంది. గ్రంథులు జబ్బుపడితే మబ్బుగా, చిక్కగా వస్తుంది. ఇంకా ముదిరితే ట్యూబులోంచి టూత్‌పేస్టు వచ్చినట్టు సన్నటి తీగలా బయటికొస్తుంది. ఒక్కోసారి ఎంత నొక్కినా అసలు ఏమీ రాదు. నా రెప్పల నుంచి వచ్చింది చూపించినప్పుడు అది మైనంలా ఉంది. అది చూశాక పొడి అన్న మాటతో మళ్ళీ వాదించలేదు.

వరద వస్తుంది, తడి నిలవదు

నూనె తగ్గితే కంటి మీద నీరు త్వరగా ఆవిరవుతుంది. నీరు పోయినా అందులోని ఉప్పు పోదు కాబట్టి మిగిలిన కన్నీరు ఉప్పగా చిక్కబడుతుంది. కొలత ప్రకారం చెప్పాలంటే, లీటరుకు మూడు వందల మిల్లీఆస్మోల్స్ దగ్గర ఉండాల్సిన గాఢత 308 దాటితే అది పొడి కంటికి గుర్తుగా లెక్కిస్తారు. ఆ ఉప్పదనం కంటి పైపొర కణాలను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న కణాలు వాపును రేపుతాయి. వాపు ముదిరితే జిగురు తయారుచేసే కణాలు చచ్చిపోతాయి. జిగురు తగ్గితే కన్నీటి పొర ఇంకా త్వరగా చెదురుతుంది. చెదిరితే ఇంకా ఆవిరి, ఇంకా ఉప్పు, ఇంకా వాపు. మొదలు ఎక్కడైనా, గానుగెద్దులా జబ్బు ఈ చుట్టే తిరుగుతుంటుంది. అందుకే మొదట్లో చల్లగాలి వల్లో, ఎక్కువసేపు తెర చూడటం వల్లో వచ్చిన ఇబ్బంది ఆ కారణం తొలగించాక కూడా ఒక్కోసారి తగ్గదు.

మరి నీళ్ళెందుకు కారుతాయి? నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, ఒంట్లో నరాలు అత్యంత దట్టంగా ఉండే చోట్లలో ఒకటి. నీరు ఆవిరై కంటి పైభాగం చల్లబడినా, ఉప్పెక్కినా పసిగట్టే నరాలు అక్కడ ఉన్నాయి. పొర చెదిరి కార్నియా గాలికి తగలగానే ఆ నరాలు మెదడుకు కబురు పంపుతాయి. నలుసు పడిందో పొగ తగిలిందో అన్నట్టుగా మెదడు కన్నీటి గ్రంథిని తెరిపిస్తుంది. వచ్చేది మాత్రం గబగబా వచ్చిన నీరు. ఉండాల్సిన పాళ్ళలో నూనె, జిగురు ఉండవు. బీటలు వారిన నేల మీద ఒక్కసారిగా కురిసిన వాన ఇంకకుండా పొర్లిపోయినట్టు, ఆ కన్నీరు కంటి మీద నిలవకుండా చెంపల మీదికి జారిపోతుంది. గాలి తగలగానే నీళ్ళు కారడం, టీవీ చూస్తుంటే కళ్ళు చెమర్చడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. కన్నీరు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయినా, రెప్ప అంచు వాలిపోయినా, అలర్జీ ఉన్నా కూడా నీళ్ళు కారతాయి. కాబట్టి ఏది అన్నది పరీక్షలోనే తేలాలి.

నూనె లోపం వల్ల వచ్చేది ఒక రకం. కన్నీటి గ్రంథే సరిగ్గా నీరు ఇవ్వకపోవడం ఇంకో రకం. రెండూ కలిసి ఉండటం మామూలే. విడిగా లెక్క చూస్తే నీటి లోపం ఒక్కటే ఉన్నవాళ్ళు తక్కువ.

నీటి లోపం కనిపించినప్పుడు డాక్టరు నోరు ఎండిపోతోందా, కీళ్ళు నొస్తున్నాయా అని అడుగుతారు. కంటికీ కీళ్ళకీ ఏమిటి సంబంధమని విసుక్కోకండి. షోగ్రెన్ సిండ్రోమ్ అని ఒక జబ్బుంది. స్వీడన్‌కు చెందిన కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన పరిశోధనలో దీన్ని వివరించాడు. ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేస్తుంది. ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుంది. ఇది ఉన్నవాళ్ళకు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ కాబట్టి కంటి చుక్కలతో సరిపెట్టుకోకుండా కీళ్ళవాతం లాంటి జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గర చూపించుకోవాలి. కంటి దగ్గర మొదలైన ఆరా ఇలాంటి జబ్బును ముందే పట్టిస్తే అంతకంటే కావలసిందేముంది?

రెప్పపాటులో ఏముంది

రెప్పపాటు అంటే మన భాషలో క్షణకాలం. కన్నీటి పొరకు మాత్రం ఆ క్షణమే ప్రాణం. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప కొడతాం. ఫోనో కంప్యూటరో చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కోసారి మూడో వంతుకు పడిపోతుంది. రెప్పవాల్చకుండా చూడటం, కళ్ళలో వత్తులు వేసుకుని చూడటం అని మనం ఊరికే అనం.

సంఖ్య తగ్గడం కంటే కూడా రెప్ప సగమే వాలడం ఎక్కువ చెరుపు చేస్తుందని నేను అనుకుంటాను. తెర మీద దృష్టి ఉన్నప్పుడు పై రెప్ప సగం దాకా దిగి మళ్ళీ లేచిపోతుంది. రెండు రెప్పలూ కలవవు, గ్రంథుల మీద ఒత్తిడి పడదు, నూనె రాదు. కార్నియా కింది భాగం గంటల తరబడి గాలికే ఉంటుంది. పరీక్ష కోసం కంట్లో రంగు వేసి చూస్తే దెబ్బతిన్న చోట్లు చుక్కల్లా ఆ కింది భాగంలోనే గుంపుగా కనిపిస్తాయి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమనే సలహా అందరికీ తెలిసిందే. మంచిదే, కంటి కండరాలకు విశ్రాంతినిస్తుంది. అయితే ఆ ఇరవై సెకన్లలో కళ్ళు మెల్లగా పూర్తిగా మూసి, రెండు సెకన్లు ఆగి తెరవడం నాలుగైదుసార్లు చేస్తేనే పొడి కంటికి పనికొస్తుంది. తెర కంటి మట్టానికి కాస్త దిగువన ఉంటే రెప్పలు కిందికి వాలి ఉంటాయి, గాలికి తగిలే భాగం తగ్గుతుంది.

నా కంటిని తెర మీద చూపించారన్నాను కదా. ఫ్లోరసిన్ అనే పసుపుపచ్చ రంగు కాస్త కంట్లో పెట్టి, నీలం వెలుగులో, రెప్ప కొట్టకుండా చూడమన్నారు. కంటి మీద ఆకుపచ్చని పొర మెరుస్తూ కనిపించింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుండగా ఆ పచ్చదనంలో ఒక నల్లటి మచ్చ పుట్టింది, పక్కనే ఇంకొకటి, రెండూ కలిసిపోయి చీలికలా పాకాయి. నాలుగో సెకనుకు పొర చెదిరిపోయింది. పది సెకన్లలోపు చెదిరితే లోపం ఉన్నట్టే లెక్క. నేను తెర ముందు రెప్ప కొట్టకుండా ఉండేది పది పన్నెండు సెకన్లు. అంటే ప్రతి రెప్పకూ రెప్పకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది సెకన్లు నా కార్నియా తడి లేకుండా ఉంటోంది. రోజంతా, ఏడాదంతా అలాగే.

నీటి లోపం కొలవడానికి ఇంకో పాత పరీక్ష ఉంది. ఒట్టో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు 1903లో చెప్పింది ఇప్పటికీ వాడుతున్నారు. సన్నటి కాగితపు పట్టీని కింది రెప్పలో తగిలించి ఐదు నిమిషాలు ఉంచుతారు. తడి ఐదు మిల్లీమీటర్లు కూడా పాకకపోతే గ్రంథి నీరివ్వడం లేదని అర్థం. ఇవాళ ఒక అంకె, రేపు ఒక అంకె వచ్చే పరీక్ష కాబట్టి దీనొక్కదాన్నే పట్టుకుని తేల్చేయరు. కొన్నిచోట్ల ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో రెప్పలోపలి నూనె గ్రంథుల్ని ఫొటో తీస్తారు. బాగున్నవి తెల్లటి గీతల్లా నిలువుగా కనిపిస్తాయి. పూర్తిగా ఎండిపోయిన చోట ఖాళీ కనిపిస్తుంది. అలా పోయిన గ్రంథుల్ని తిరిగి మొలిపించే నమ్మకమైన వైద్యం లేదు. ఈ జబ్బును "ఏముందిలే, కాస్త మంటేగా" అని ఏళ్ళ తరబడి వదిలేయకూడదని గట్టిగా చెప్పేది అందుకే.

ఎందుకొస్తుంది

వయసు ఒకటి. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయాక హార్మోన్ల మార్పుతో ఎక్కువవుతుంది. ఏసీ గాలి, ఫ్యాను గాలి మొహానికి నేరుగా తగలడం, పొగ, కాంటాక్ట్ లెన్సులు, థైరాయిడ్ జబ్బు, మధుమేహం, రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా కారణాలే. చూపు కోసం చేసే లేజర్ సర్జరీలో కార్నియా నరాలు తెగుతాయి కాబట్టి ఆ తర్వాత కొన్ని నెలలు పొడిబారడం మామూలు. చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది, కొందరికి మిగిలిపోతుంది. నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడని వాళ్ళుంటారు. వాళ్ళకు పొద్దున లేవగానే బాధ ఎక్కువగా ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, ఇంట్లోవాళ్ళే చూసి చెప్పాలి.

కాస్త ఆగి చెప్పాల్సింది మందుల గురించి. జలుబుకు, అలర్జీకి వేసుకునే యాంటీహిస్టమిన్ మాత్రలు కన్నీటిని తగ్గిస్తాయి. కుంగుబాటుకు వాడే కొన్ని మందులూ అంతే. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ చర్మంలోని నూనె గ్రంథుల్ని అణచడానికే పని చేస్తుంది, రెప్పలోని గ్రంథుల్ని అది వదిలిపెట్టదు. కుర్రవాళ్ళకు పొడి కళ్ళు వస్తే ఈ మందు వాడారా అని తప్పకుండా అడగాలి. చూపు నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా జబ్బుకు ఏళ్ళ తరబడి వేసుకునే చుక్కల్లో, మందు పాడవకుండా కలిపే నిల్వ రసాయనం కూడా కంటి పైపొరను దెబ్బతీస్తుంది. అలాగని వీటిలో ఏ మందునూ సొంతంగా ఆపేయకూడదు. గ్లాకోమా చుక్కలు ఆపితే పోయేది చూపు. డాక్టరుకు చెప్తే నిల్వ రసాయనం లేని రకానికి మార్చగలరు.

విటమిన్ ఎ లోపంతో పిల్లలకు వచ్చే కళ్ళు పొడిబారే జబ్బు వేరే. రేచీకటితో మొదలై, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వచ్చి, ముదిరితే కార్నియా కరిగిపోయేంత ప్రమాదకరం అది. పేరు ఒకేలా వినిపిస్తుంది కాబట్టి రెండింటినీ కలిపేస్తుంటారు. పిల్లలకు చీకట్లో చూపు ఆనడం లేదంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

కాపడం సరిగ్గా పెట్టడం

నూనె గ్రంథులు మూసుకుపోయిన వాళ్ళకు అన్నిటికంటే ముందు చెప్పేది కాపడం. చాలామంది రెండు రోజులు చేసి "పని చేయలేదండీ" అని మానేసేదీ ఇదే. చేసే పద్ధతిలోనే లోపం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నూనె కంటి వేడికే కరిగి ఉంటుంది. గడ్డకట్టినది కరగాలంటే రెప్పకు సుమారు నలభై డిగ్రీల వేడి తగలాలి, అదీ ఐదు నుంచి పది నిమిషాలు నిలవాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. కాబట్టి రెండేసి నిమిషాలకోసారి మళ్ళీ వేడినీళ్ళలో ముంచుతూ ఉండాలి, లేదంటే వేడి నిలిచే కంటి మాస్కు వాడాలి. ముందు మణికట్టు లోపలివైపు పెట్టుకుని చూడండి. అక్కడ చురుక్కుమంటే రెప్పకు పెట్టకూడదు, రెప్ప చర్మం చాలా పల్చన.

కాపడం తీసిన వెంటనే, నూనె వెచ్చగా ఉండగానే, శుభ్రమైన వేలితో రెప్పలను నిమరాలి. పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి, అంటే రెండూ వెంట్రుకల వైపుకే. గట్టిగా నొక్కొద్దు, కనుగుడ్డు మీద బరువు పడకూడదు. తర్వాత రెప్ప అంచుల్ని దానికోసమే అమ్మే తుడుపు పట్టీలతో తుడవాలి. వెంట్రుకల మొదళ్ళ దగ్గర చుండ్రులాంటిది గొట్టంలా చుట్టుకుని ఉంటే డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగులు ఉన్నట్టు. వాటికి వేరే మందుంది. లోటిలానర్ అనే చుక్కలకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. మొదట్లో కాపడం రోజుకు రెండుసార్లు, తగ్గాక ఒకసారి. ఫలితం తెలియడానికి నెల పడుతుంది. నాకు మూడో వారానికి పొద్దుటి పూట ఇసుక పోసినట్టుండటం తగ్గింది.

చుక్కల సంగతి

మందుల షాపులో దొరికే కన్నీటి చుక్కలన్నీ ఒకటి కాదు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, సోడియం హయాలురోనేట్ లాంటివి తడిని పట్టి ఉంచుతాయి. కొన్నింటిలో నూనె పదార్థాలు కలిపి ఉంటారు, నూనె లోపం ఉన్నవాళ్ళకు అవి నప్పుతాయి. పల్చనివి పగటికి బాగుంటాయి. చిక్కని జెల్లు, ఆయింట్‌మెంటు చూపును కాసేపు మసకబారుస్తాయి కాబట్టి పడుకునే ముందే వేసుకోవాలి.

సీసా మీద ముందు చూడాల్సింది నిల్వ రసాయనం పేరు. బెంజాల్కోనియం క్లోరైడ్ అన్నది ఎక్కువగా వాడేది. సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా చూస్తుంది, కానీ స్వభావానికి అది సబ్బు లాంటిది. నూనె పొరను చెదరగొడుతుంది, కణాలను గాయపరుస్తుంది. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ చుక్కలు వేసుకోవాల్సి వస్తే ఈ రసాయనం లేని రకమే వాడాలి. అవి చిన్న చిన్న వయల్స్‌లోనో, ప్రత్యేకమైన మూత ఉన్న సీసాల్లోనో వస్తాయి. ఎర్రదనం వెంటనే పోగొడతామని చెప్పే చుక్కల జోలికి మాత్రం పోకండి. వాటిలో ఉండే నాఫజోలిన్, టెట్రాహైడ్రోజోలిన్ లాంటివి రక్తనాళాల్ని బిగిస్తాయి. మందు దిగగానే ఎరుపు ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది, మనిషి ఆ చుక్కలకే అలవాటు పడిపోతాడు.

పంపునీళ్ళతో కళ్ళను మాటిమాటికీ కడగడం కూడా మేలు చేయదు, ఉన్న కాస్త నూనె కడుక్కుపోతుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళయితే నీళ్ళలోని అకాంథమీబా అనే జీవి వల్ల చూపుకే ముప్పు రావచ్చు. లెన్సును నీళ్ళు తగలనివ్వకూడదు.

వాపును అణచడం

కాపడం, చుక్కలు రెండూ సరిగ్గా వాడినా తగ్గకపోతే జబ్బు ఆ గానుగ చుట్టులో పడిందని అర్థం. వాపును అణచకపోతే అది ఆగదు. వాపును అణచే సైక్లోస్పోరిన్ చుక్కలకు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, లిఫిటెగ్రాస్ట్‌కు 2016లో వచ్చింది. సైక్లోస్పోరిన్ విషయంలో రోగికి ముందే చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. వేసినప్పుడు మండుతుంది. పూర్తి గుణం కనపడాలంటే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ రెండూ చెప్పకపోవడం వల్ల రెండో వారంలోనే సీసా మూల పడేసేవాళ్ళు ఎందరో. స్టెరాయిడ్ చుక్కలు త్వరగా ఊరటనిస్తాయి. అయినా డాక్టర్లు కొద్ది వారాలకు మాత్రమే రాస్తారు. హాయిగా ఉందని పాత చీటీతో మళ్ళీ మళ్ళీ కొని వేసుకుంటే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా, ఇంకా శుక్లాలు రావచ్చు. గ్లాకోమాతో పోయిన చూపు తిరిగిరాదు.

రెప్ప గ్రంథుల వాపుకు డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తుంటారు. ముక్కులో కొట్టుకునే వరెనిక్లిన్ స్ప్రే అమెరికాలో 2021లో వచ్చింది. ముక్కులోని నరాన్ని రేపి కన్నీరు తెప్పించడం దాని పని. నీరే లేని పెర్‌ఫ్లోరోహెక్సైలాక్టేన్ చుక్కలకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. అవి పల్చగా పరుచుకుని నూనె మూతలా ఆవిరిని ఆపుతాయి. నీటి లోపం తీవ్రంగా ఉంటే కన్నీరు ముక్కులోకి దిగే రంధ్రాలకు చిన్న బిరడాలు పెడతారు. వాపు తగ్గకముందే పెడితే చెడిపోయిన కన్నీటినే కంట్లో నిలవ ఉంచినట్టవుతుంది కాబట్టి వరస ముఖ్యం. అన్నిటికీ లొంగని వాళ్ళకు వాళ్ళ రక్తం నుంచే తీసిన సీరంతో చుక్కలు తయారుచేస్తారు. లోపల ద్రవం నింపి తెల్లగుడ్డు మీద ఆనేలా పెట్టే పెద్ద లెన్సులూ ఉన్నాయి.

చేపనూనె మాత్రల మాట కూడా చెప్పాలి. ఒమేగా-3 మీద అందరికీ ఆశ ఉండేది. 2018లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 535 మందికి ఏడాది పాటు రోజుకు మూడు గ్రాముల ఒమేగా-3 గానీ ఆలివ్ నూనె గానీ ఇచ్చి చూశారు. రెండు గుంపుల వాళ్ళకూ బాధ తగ్గింది, రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనపడలేదు. వేసుకుని మేలు పొందామనే వాళ్ళతో నాకు పేచీ లేదు. దాన్నే వైద్యంగా నమ్మి కాపడం మానేస్తేనే బాధ.

కన్ను బాగున్నా నొప్పి ఉన్నవాళ్ళు

పరీక్షలో కంట్లో కనపడేదానికీ మనిషి చెప్పే బాధకీ పొంతన కుదరని రోగులు ఈ జబ్బులో చాలామంది ఉంటారు. కార్నియా నిండా దెబ్బలున్నా ఏమీ తెలియని వాళ్ళున్నారు, వాళ్ళ నరాలు మొద్దుబారి ఉంటాయి. అందుకు విరుద్ధంగా, కంట్లో పెద్దగా లోపం కనపడకపోయినా కత్తితో గీరుతున్నట్టు నొప్పి పడేవాళ్ళున్నారు. వాళ్ళ నరాలే దెబ్బతిని తప్పుడు కబుర్లు పంపుతుంటాయి. మత్తు చుక్క వేసినా నొప్పి పోకపోతే మూలం కంటి పైపొరలో లేదని, నరాల దారిలో ఎక్కడో ఉందని డాక్టరు ఊహిస్తారు. అప్పుడు చుక్కలు మార్చి లాభం లేదు, నరాల నొప్పికి చేసే వైద్యం కావాలి. "మీ కళ్ళు బాగానే ఉన్నాయి" అన్న మాట విని ఇంటికొచ్చి, తన బాధ అబద్ధమేమోనని తననే అనుమానించుకునే మనిషి గురించి నాకు చాలా దిగులు. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఈ జబ్బుకు ఇచ్చిన నిర్వచనంలో నరాల లోపాన్ని కూడా చేర్చింది. ఆ నొప్పి నిజమైనదే, ఇంకో డాక్టరు దగ్గర చూపించుకోవడం తప్పు కాదు.

ఇవన్నీ మెల్లగా నడిచే జబ్బు సంగతులు. కన్ను ఉన్నట్టుండి విపరీతంగా నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, రెప్ప కొట్టినా చూపు తేటపడకపోయినా, ఒక్క కన్నే ఎర్రబడినా, చీములాంటి పుసి పడుతున్నా, లెన్సు పెట్టుకునే కన్ను ఎర్రబడి నొప్పిగా ఉన్నా అది పొడి కన్ను అనుకుని చుక్కలతో గడపకుండా అదే రోజు చూపించుకోవాలి.

మామూలుగా పరీక్షకు వెళ్ళేవాళ్ళు కళ్ళకు కాటుక, ఇంకే అలంకరణా లేకుండా వెళ్ళండి. కనీసం రెండు గంటల ముందు నుంచి కన్నీటి చుక్కలు వేయకండి, వేస్తే పొర అసలు ఎన్ని సెకన్లకు చెదురుతోందో తేలదు. రోజూ వేసుకునే గ్లాకోమా చుక్కల్లాంటి మందులు మాత్రం ఆపొద్దు. వాడుతున్న మాత్రలన్నీ, కంటివి కాకపోయినా, ఒక సంచిలో వేసుకెళ్ళి బల్ల మీద పెట్టండి. బాధ పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా అన్నది అడక్కముందే చెప్పండి. పొద్దున అయితే రెప్పలు సరిగ్గా మూతపడటం లేదేమో, రెప్పల అంచుల్లో వాపుందేమో చూస్తారు. సాయంత్రం అయితే ఆవిరి సంగతి చూస్తారు. రెప్పల అంచులు నొక్కి చూడకుండా, రంగు వేసి సెకన్లు లెక్కపెట్టకుండా చీటీ రాసేస్తుంటే, "నూనె గ్రంథులు ఎలా ఉన్నాయండీ?" అని మర్యాదగా అడగండి.